పైనుంచి చూస్తే పచ్చగానే ఉంది: ఉపగ్రహం, డ్రోన్ అడవి ఆరోగ్యాన్ని ఎలా చదువుతాయి?

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలి వీచింది. కొద్దిసేపట్లోనే వందల ఎకరాల్లో చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. దాదాపు 50 వేల చెట్లు కూలి ఉంటాయని అటవీ అధికారులు అంచనా వేశారు.

ఇలాంటి వార్త చదవగానే ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. ఇన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి కదా, పైనుంచి ఒక్క ఫొటో తీస్తే ఎన్ని ఎకరాలు పోయాయో తేలిపోదా? పైగా జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది హైదరాబాద్ బాలానగర్‌లో. ఉపగ్రహాల డేటాను అందుకునే యాంటెనాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి. అంతా మన ఇంటి దగ్గరే.

అయినా అంత తేలిగ్గా తేలదు. మొదటి అడ్డు మబ్బులు. ఆ ఒకటి రెండు రోజుల్లోనే ఖమ్మం, విజయవాడ వరదల్లో మునిగాయి. రెండు రాష్ట్రాల మీదా దట్టంగా మేఘాలు కమ్ముకుని ఉన్నాయి. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి అప్పుడు కనిపించేది మబ్బు పైభాగం మాత్రమే. రెండో అడ్డు మరీ చిత్రమైనది. పడిపోయిన చెట్టు ఆ రోజే ఎండిపోదు. ఆకుల్లో తేమ ఇంకా ఉంటుంది, పత్రహరితం ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు ఎంత పచ్చగా ఉందో, నేల మీద పడుకున్నాక కూడా కొన్ని రోజులపాటు దాదాపు అంతే పచ్చగా కనిపిస్తుంది. ఆ ఆకులు ఎండి రంగు మారేలోపు, వానాకాలం కాబట్టి, ఖాళీ అయిన చోట వెలుతురు తగిలి గడ్డీ తీగలూ లేచి పరుచుకుంటాయి. పైనుంచి చూసేవాడికి పచ్చదనం పోయిన క్షణం ఎక్కడా దొరకదు.

అందుకే ముందు తెలుసుకోవాల్సింది, ఉపగ్రహం అడవిలో నిజంగా ఏం కొలుస్తుందన్నది. ఉపగ్రహానికి చెట్టు తెలియదు. నేల నుంచి తిరిగి పైకి వచ్చే వెలుతురు ఏ రంగులో ఎంత ఉందో మాత్రమే దానికి తెలుసు.

ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతిని పీల్చుకుని ఆహారం తయారు చేసుకుంటుంది. ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది, మన కంటికి ఆకు పచ్చగా కనిపించేది అందుకే. ఎరుపు తర్వాత, మన కంటికి అందని పరారుణ కాంతి ఉంది. బాగున్న ఆకు దాన్ని పెద్ద మొత్తంలో వెనక్కి కొడుతుంది. ఆకు లోపలి కణాల మధ్య ఉండే గాలి గదులే దానికి కారణం. కాబట్టి బలంగా ఉన్న చెట్టు నుంచి ఎరుపు చాలా తక్కువగా, పరారుణం చాలా ఎక్కువగా వస్తుంది. నీరసించిన చెట్టులో ఎరుపు పెరుగుతుంది, పరారుణం తగ్గుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెనే ఎన్‌డీవీఐ అంటారు. ఉదాహరణకు పరారుణం 50 శాతం, ఎరుపు 5 శాతం తిరిగొస్తే 45ని 55తో భాగించాలి, సుమారు 0.82 వస్తుంది. అదే పరారుణం 35, ఎరుపు 10 అయితే 0.56. ఎండిన నేలైతే 0.2 దగ్గరికి పడిపోతుంది. అడవుల మీద వచ్చే రంగురంగుల మ్యాపుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ చిన్న లెక్కే.

చిన్న లెక్క కాబట్టే దాని బలహీనతలు కూడా ముందే తెలుసుకోవాలి. ఆకులు బాగా దట్టంగా ఉన్నచోట ఈ అంకె ఒక స్థాయికి చేరి అక్కడే ఆగిపోతుంది. మూడు వరుసల ఆకులున్న అడవికీ ఐదు వరుసల ఆకులున్న అడవికీ దాదాపు ఒకే మార్కులు పడతాయి. అంటే దట్టమైన అడవి లోలోపల పలచబడుతుంటే, ఆ మొదటి దశ మ్యాపులో కనిపించదు. ఇంకో సంగతి, చెట్టుకు దాహం వేసినప్పుడు ఆకు రంగు మారకముందే లోపలి నీరు తగ్గుతుంది. ఆ నీటిని పట్టుకోవాలంటే ఇంకా పొడవైన తరంగాలున్న మరో రకం పరారుణాన్ని చూడాలి. నీరు దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి, ఆకులో నీరు తగ్గితే అది ఎక్కువగా వెనక్కి వస్తుంది. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల్లో ఈ రకం పరారుణాన్ని చూసే పట్టీలతో (బ్యాండ్లతో) పాటు, ఎరుపుకీ పరారుణానికీ మధ్య అంచున ఉండే పట్టీలు కూడా ఉన్నాయి. పత్రహరితం తగ్గడం మొదలైతే ముందుగా మార్పు కనిపించేది ఆ అంచులోనే. ఇవన్నీ కలిపి చూసినా తేలేది చెట్టుకు ఏదో అయిందన్న విషయం వరకే. థర్మామీటర్ జ్వరం ఉందని చెప్తుంది గానీ అది మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా, ఇదీ అంతే. నీళ్లు లేకనా, పురుగు పట్టా, నిప్పు తగిలా, ఎవరో కొమ్మలు నరికా అన్నది ఈ అంకెలో ఉండదు.

మన అడవుల విషయంలో అన్నింటికన్నా పెద్ద చిక్కు రుతువుది. విదేశీ వ్యాసాలు చదివి మన అడవులకు అన్వయించేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నల్లమల చాలావరకు ఆకురాల్చే అడవి. టేకు, మద్ది, మోదుగ, తునికి లాంటి చెట్లన్నీ ఎండాకాలంలో నీళ్లు పొదుపు చేసుకోవడానికి ఆకు వదిలేస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో అక్కడ తీసిన చిత్రం చూస్తే అడవి మొత్తం చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. ఎన్‌డీవీఐ కూడా అదే చెబుతుంది. జూన్, జులై వానలు పడగానే మళ్లీ లేస్తుంది. కాబట్టి జనవరి చిత్రాన్నీ ఏప్రిల్ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి 'అడవి ఎలా నాశనమైందో చూడండి' అని సోషల్ మీడియాలో పెడితే అది ఆకు రాలడాన్ని చూపించడమే. దురుద్దేశంతో చేసేవాళ్లు ఉండొచ్చు, తెలియక చేసేవాళ్లే ఎక్కువ అనుకుంటాను.

ఈ చిక్కుకు విరుగుడు ఒకటే, ఏప్రిల్‌ని ఏప్రిల్‌తోనే పోల్చాలి. ఇంకా మేలైనది, ఒక్కో ముక్క నేలకు ఏడాది పొడవునా పచ్చదనం ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో చాలా ఏళ్ల గీత గీసి, ఈ ఏడాది ఆ గీతకు ఎంత దూరం జరిగిందో చూడటం. వాన ఆలస్యమైన ఏడాది గీత మొత్తం కుడివైపు జరుగుతుంది, ఆకారం మారదు. చెట్లు నరికితే గీత ఒక్కసారిగా విరిగి మళ్లీ పాత ఎత్తుకు రాదు. పురుగు పట్టినా, ఏళ్ల తరబడి పశువులు మేసినా, వంటచెరకు కోసం కొమ్మలు నరుకుతున్నా ప్రతి ఏడూ శిఖరం కొంచెం కొంచెం దిగుతుంది. ఇలాంటి పోలిక సాధ్యమైంది పాత చిత్రాలు దాచి ఉంచడం వల్లే. అమెరికా మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని 1972లో పంపింది. ఆ చిత్రాలన్నిటినీ 2008లో ఉచితం చేశారు. అంతకుముందు ఒక్కో చిత్రం కొనాల్సి వచ్చేది కాబట్టి పరిశోధకులు పదేళ్లకు ఒకటి చొప్పున కొని సరిపెట్టుకునేవాళ్లు. గీత గీయాలంటే వందల చిత్రాలు కావాలి. నా దృష్టిలో అడవుల పరిశీలనను మార్చింది ఏ కొత్త కెమెరా కన్నా ఎక్కువగా ఈ ఉచితం అన్న నిర్ణయమే.

ఇక మన దేశపు లెక్కల సంగతి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి, దాదాపు రెండేళ్లకోసారి, దేశంలో అడవి ఎంత ఉందో నివేదిక ఇస్తోంది. మొదటి నివేదికకు వాడిన లాండ్‌శాట్ చిత్రాల్లో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, నేల మీద 80 మీటర్లు. ఇప్పుడు వాడేది మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా, దాని ఒక్కో పిక్సెల్ 23.5 మీటర్లు. ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య తీసిన చిత్రాలే తీసుకుంటారు. అప్పటికి మబ్బులు పోతాయి, ఆకు ఇంకా రాలదు.

వాళ్ల నిర్వచనం ప్రకారం కనీసం ఒక హెక్టారు స్థలంలో పైనుంచి చూస్తే పది శాతం నేలను చెట్ల కొమ్మలు కప్పి ఉంటే అది అడవి కింద లెక్క. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. మామిడి తోట, సుబాబుల్ వేసిన రైతు చేను, నీలగిరి తోట, సర్కారు తుమ్మ కమ్ముకున్న చెరువు శిఖం, అన్నీ ఈ కొలతకు దొరికిపోతాయి. 70 శాతం పైన ఉంటే అతి దట్టమైనది, 40 నుంచి 70 మధ్యస్థం, 10 నుంచి 40 పలచనిది అని మూడు తరగతులు చేస్తారు. 2021 నివేదికలో అడవి విస్తీర్ణం అందరికన్నా ఎక్కువ పెరిగిన రాష్ట్రాలు మనవే: ఆంధ్రప్రదేశ్‌లో 647 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో 632. అప్పట్లో ఆ అంకెను సంబరంగా చెప్పుకున్నవాళ్లున్నారు, అబద్ధమని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. అంకె తప్పేమీ కాదు. అది జవాబిచ్చిన ప్రశ్న వేరు, జనం అడుగుతున్న ప్రశ్న వేరు. చెట్ల నీడ ఎంత నేల మీద ఉందో అది చెప్పింది. అడవి ఆరోగ్యం గురించి అది ఏమీ చెప్పలేదు.

సర్కారు తుమ్మనే తీసుకోండి. ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది, వేగంగా పెరుగుతుంది, ఎన్‌డీవీఐలో మంచి మార్కులు కొడుతుంది. దాని కింద మరో మొక్క సరిగ్గా లేవదు, పశువులకు గడ్డి దొరకదు. లంటానా అనే కలుపు పొద కూడా అంతే. ఆకురాల్చే అడవిలో చెట్లన్నీ మోడుబారి ఉన్న రోజుల్లో ఒకచోట పచ్చదనం మిగిలి ఉంటే అది వాగు ఒడ్డు అయినా కావాలి, లంటానా పొద అయినా కావాలి. గమ్మత్తేమిటంటే ఈ తేడానే కొందరు పరిశోధకులు పనిముట్టుగా మార్చుకున్నారు. ఎండాకాలం చిత్రంలో అనుమానంగా పచ్చగా ఉన్న చోట్లను వెతికి, కలుపు ఎక్కడెక్కడ పాకిందో మ్యాపు గీస్తారు. ఆకు రాలడం వల్ల వచ్చే ఇబ్బందే ఇక్కడ అక్కరకొస్తుంది.

ఫారెస్ట్ సర్వే నివేదికలో ఒక్కో రాష్ట్రానికి ఉండే అధ్యాయంలో అందరూ వదిలేసే ఒక పట్టిక ఉంటుంది. పాత నివేదికలో అతి దట్టంగా ఉన్నదాంట్లో ఎంత మధ్యస్థంగా మారింది, ఎంత పలచబడింది, పొదలుగా దిగజారింది ఎంత అని అడ్డగీతల్లో నింపి ఉంటుంది. మొత్తం విస్తీర్ణం పెరిగినా, లోపల దట్టమైన అడవి కిందికి జారుతూ బయట తోటలు పెరుగుతూ ఉండొచ్చు. ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా ఉన్న భూమి లోపల ఎంత, బయట ఎంత అన్న లెక్క కూడా ఇస్తారు. అడవి ఎలా ఉందో తెలుసుకోవాలంటే పత్రికల హెడ్‌లైన్ కన్నా ఈ రెండు పట్టికలే ఎక్కువ చెబుతాయి.

మబ్బుల సమస్యకు జవాబు రాడార్. ఇది సూర్యుడి వెలుతురు మీద ఆధారపడదు. తనే రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని కొలుస్తుంది. రాత్రయినా ముసురైనా ఆగదు. తరంగం పొడవును బట్టి అది చూసేది మారుతుంది. ఐరోపా రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 వాడే తరంగం ఐదారు సెంటీమీటర్లు, అది పై ఆకులకూ చిన్న కొమ్మలకూ తగిలి వెనక్కి వచ్చేస్తుంది. 24 సెంటీమీటర్ల తరంగమైతే ఆకులను దాటి లోపలికెళ్లి పెద్ద కొమ్మలకూ బోదెలకూ తగులుతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో ఈ పొడవు తరంగాల రాడార్ నాసాది, సుమారు పది సెంటీమీటర్ల తరంగాల రాడార్ ఇస్రోది. పన్నెండు రోజులకోసారి అదే చోటికి తిరిగి వస్తుంది. తాడ్వాయి లాంటి ఘటనలకు సరిపోయే కన్ను ఇదే. నిలువుగా ఉన్న బోదె నుంచీ అడ్డంగా పడిన బోదె నుంచీ తరంగాలు తిరిగొచ్చే తీరు ఒకేలా ఉండదు, ఆకు పచ్చగా ఉన్నా సరే. కాకపోతే రాడార్ చిత్రం చదవడం కష్టం. తడి నేల, కొండ వాలు కూడా అందులో మార్పులు తెస్తాయి. వాన పడిన మర్నాటి చిత్రం చూసి అడవికి ఏదో అయిందని కంగారు పడితే అది తడి మాత్రమే కావచ్చు.

నిప్పు సంగతి వేరు. అక్కడ ఉపగ్రహం ఇప్పటికే రోజువారీ పనిలో భాగమైపోయింది. నల్లమలలో ఫిబ్రవరి నుంచి మే దాకా మంటలు మామూలే. ఎక్కువగా నేల మీద రాలిన ఆకే తగలబడుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేయాలనో, తునికాకు కొత్త చిగుళ్లు వేయాలనో పెట్టిన నిప్పు అదుపు తప్పుతుంది. బీడీ ముక్క పారేసినా చాలు. విర్స్ అనే పరికరం ఉన్న ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక అదే సమయానికి మన మీదుగా వెళ్తాయి. వేడిగా ఉన్న పిక్సెల్‌ను గుర్తిస్తాయి. దాన్ని అటవీ సరిహద్దులతో సరిచూసి ఫారెస్ట్ సర్వే ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. ఆ పిక్సెల్ 375 మీటర్లది. ఆ చతురస్రంలో నిప్పు ఎక్కడుందో వెతుక్కోవాల్సింది బీట్ ఆఫీసరూ ఫైర్ వాచర్లే. సాయంత్రం నాలుగింటికి అంటుకుని రాత్రి పదికల్లా ఆరిపోయిన మంట ఈ లెక్కలోకి రాకపోవచ్చు. కాబట్టి మెసేజ్‌ల సంఖ్యను మంటల సంఖ్యగా చెప్పడం సరికాదు.

డ్రోన్ ఈ దూరాన్ని తగ్గిస్తుంది. వంద మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక్కో పిక్సెల్ కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది. సెంటినెల్-2లో ఒక పెద్ద చెట్టు తల మొత్తం ఒక్క పిక్సెల్‌లో ఇమిడిపోతే, డ్రోన్ చిత్రంలో ఏ కొమ్మ ఎండిందో కనిపిస్తుంది. ఒకదానిమీద ఒకటి ముప్పావు వంతు పడేలా వందల ఫొటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌లో కలిపితే మొత్తం ప్రాంతం ఒకే చిత్రంగా, ఎత్తుపల్లాలతో సహా వస్తుంది. కూలిన బోదెలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలంటే, ఏ దిక్కుకు పడ్డాయో చూసి గాలి ఎటు వీచిందో అంచనా కట్టాలంటే ఇదే దారి.

వేపచెట్ల సంగతి గుర్తుందా? కొన్నేళ్ల కిందట తెలంగాణలో ఊరూరా వేపచెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. ఒక శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. ఊళ్లకు ఊళ్లు టెన్షన్ పడ్డాయి, చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. వేప పొలం గట్ల మీద, ఇళ్ల ముందు, రోడ్ల పక్కన విడివిడిగా ఉంటుంది. చుట్టూ వరి, పత్తి, రేకుల కప్పులు. పది మీటర్ల పిక్సెల్‌లో వేప ఒక్కటే ఉండదు, దాని ఎండు గోధుమరంగు చుట్టుపక్కల రంగుల్లో కలిసిపోతుంది. ఉపగ్రహానికి దాదాపు అందని జబ్బు ఇది. డ్రోన్ ఒక ఊరి మీద పావుగంట తిరిగితే ఏ చెట్టుకు ఎంత పట్టిందో తెలిసిపోతుంది.

మరి డ్రోన్లతోనే అంతా చేసేయొచ్చు కదా అంటే, లెక్క వేసి చూడండి. మామూలు డ్రోన్ బ్యాటరీ ఒకసారికి అరగంట వస్తుంది. ఫొటోలు అంత దట్టంగా తీస్తూ పోతే ఒక విడతలో యాభై హెక్టార్లు పూర్తి చేసిందనుకుందాం. ఒక్క అమ్రాబాద్ పులుల అభయారణ్యమే 2,611 చదరపు కిలోమీటర్లు. అంటే అయిదు వేల పైచిలుకు విడతలు. అవి పూర్తయ్యేలోపు సగం అడవికి ఆకు రాలి ఉంటుంది. మొదటి చిత్రానికీ చివరి చిత్రానికీ పోలికే కుదరదు. ఉదయం తీసిన ఫొటోకూ మధ్యాహ్నం తీసిన ఫొటోకూ వెలుతురు వేరు కాబట్టి, ఎంత కాంతిని వెనక్కి కొడుతుందో ముందే తెలిసిన ఒక పలకను ఎగరేసే ముందూ తర్వాతా ఫొటో తీసి అంకెలు సరిదిద్దుకోవాలి. ఈ పని వదిలేసి రంగు మ్యాపు ఇచ్చేవాళ్లు బయట చాలామంది ఉన్నారు, జాగ్రత్త. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా, అనుమతి లేకుండా 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. అభయారణ్యాల్లో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయడానికి వీల్లేదు. గూళ్ల మీద ఉన్న పక్షులు డ్రోన్ చప్పుడుకు బెదురుతాయి కాబట్టి ఆ పట్టింపు సబబే.

అందుకని పని తెలిసినవాళ్లు వీటిని పోటీగా పెట్టరు. ఉపగ్రహం రాష్ట్రమంతా చూసి, ఫలానా కంపార్ట్‌మెంట్‌లో (అటవీ శాఖ విభజించుకున్న అడవి ముక్కలో) పచ్చదనం గీత మూడేళ్లుగా దిగుతోందని చెబుతుంది. డ్రోన్ అక్కడికి వెళ్లి ఎండుతున్నవి ఏ చెట్లో చూపిస్తుంది. మనిషి నడిచి వెళ్లి బెరడు గీకి చూసి, పురుగు రంధ్రం ఉందా, వేరు కుళ్లిందా, గొడ్డలి దెబ్బ ఉందా అని రాసుకొస్తాడు. ఈ మూడోదాన్ని ఖర్చు తగ్గించుకోవడానికి తీసేస్తే మొదటి రెండూ ఊహాగానాలవుతాయి. మ్యాపు సరైనదా కాదా అని సరిచూసేది కూడా నేల మీద కొలిచిన ఆ ముక్కలతోనే. కంప్యూటర్‌కు నేర్పడానికి వాడేవీ అవే. నివేదికలో ఖచ్చితత్వం ఇంత శాతం అని రాసి ఉంటే, ఎన్ని చోట్ల నేల మీద చూశారు, ఏ రకం అడవుల్లో చూశారు అని అడగడం పాఠకుడి హక్కు.

ఇదంతా నిపుణుల గొడవ అనుకునేవాళ్లు పోడు భూముల దగ్గరికి రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా అడిగే మనిషి 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి తన సాగులో ఉందని చూపించాలి. కొన్ని రాష్ట్రాల్లో అధికారులు పాత ఉపగ్రహ చిత్రం తెరిచి, అక్కడ ఆ రోజు అడవే కనిపిస్తోంది కాబట్టి దరఖాస్తు చెల్లదన్నారు. రెండెకరాల పోడు చెలక లిస్-3 చిత్రంలో పద్నాలుగు, పదిహేను పిక్సెళ్లు. అందులో అంచున ఉన్నవన్నీ సగం చేను, సగం అడవి. పోడు చేసేవాళ్లు ఇప్పచెట్టునూ మామిడినీ నరకరు, చేను మధ్యలో అవి అలాగే ఉంటాయి. ఒకటి రెండేళ్లు బీడు వదిలితే పొద లేస్తుంది. ఇంత కలగలిసిన ముక్కను కంప్యూటర్ పలచని అడవి అని రాయడంలో ఆశ్చర్యం లేదు. 2012లో సవరించిన నిబంధనలు ఈ విషయాన్ని సూటిగానే తేల్చాయి. ఉపగ్రహ చిత్రాన్ని మిగతా ఆధారాలకు తోడుగా వాడుకోవచ్చు గానీ వాటి బదులుగా వాడకూడదు. ఆ మిగతా ఆధారాల్లో ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం ఒకటి, చేనులో వేసిన గట్లు, తవ్విన బావులు మరొకటి. దరఖాస్తును చిత్రం ఒక్కటే చూపించి తిరస్కరిస్తే, ఈ నిబంధన చూపించి అప్పీలుకు వెళ్లవచ్చు.